దగ్గరి దారి, చవుక దారి

వార్తలను నడుపుటకు దగ్గరి దారియే చవుక దారి యని సామాన్యముగా తలచుచుందురు. ఆప్టికల్ ఫైబరుతో, అనగా కాంతిని మోయు గాజుతంతువుతో, పల్లెలను కలుపబూనిన భారత్‌నెట్ తొలి రూపములో ఈ తలపే కనిపించును. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ఆ పథకము సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలను కలుపవలెనని సంకల్పించినది. బ్లాకు కేంద్రమువరకు అదివరకే ఉన్న తంతువులను వాడుకొని, అక్కడినుండి ఊరికి మాత్రము కొత్తది వేయుట అందలి పొదుపు. పొదుపు మంచిదే. కాని ఆ కొత్త తంతువు చెట్టుకొమ్మవలె ఒక వైపునకే సాగినది. మొదట తెగినచో చివరనున్న ఊళ్ళన్నియు మూగవోవును.

2023 ఆగస్టులో పథకమును సవరించి, కొమ్మలకు బదులు వలయములు వేయ నిశ్చయించిరి. అందుకు కేటాయించినది 1,39,579 కోట్ల రూపాయలు. ఈ మొత్తము వలయములకే కాదు, పదేండ్ల నిర్వహణ కూడ ఇందులో చేరినది. తొలినాడే వేయవలసిన లెక్క ఇది.

అసలు ఖర్చు ఎక్కడ నున్నది? మేలురకపు తంతువులో కాంతి పదునైదు కిలోమీటర్లు పోయినగాని సగము కాదు. వెండ్రుకంత ఆ గాజులో ఎనుబది తరంగదైర్ఘ్యములను వేరువేరుగా పంపవచ్చును. కాబట్టి ఇంకొక తరంగమును చేర్చినందున తంతువునకు బరువు లేదు. బరువంతయు కొసలలోని యంత్రములదే. కాంతిని విద్యుత్తుగా మార్చి, వార్తలను దించి, కొత్తవి ఎక్కించు యంత్రము ఒక్కొక్క తరంగమునకు ఒక్కొక్కటి కావలెను.

పాతబస్తీకి దక్షిణమున ఏడు చోట్లను వలయముగా కలిపితిమనుకొందము: 1 జల్‌పల్లి, 2 పహాడీషరీఫ్, 3 శంషాబాద్, 4 చాంద్రాయణగుట్ట, 5 బండ్లగూడ, 6 బాలాపూర్, 7 షాహీన్‌నగర్. ఇది ఊహాపటమే, అక్కడి అసలు తీగల పటము కాదు. కాంతి ఒకే దిక్కున తిరుగును. జల్‌పల్లి మాట బాలాపూరుకు వలయములో ఒక భాగముమీదుగా పోవును, జవాబు మిగిలిన భాగముమీదుగా వచ్చును. అందుచే ఏ జంటకైనను వలయమంతట ఒకే వంతు పట్టును. ఆ వంతు తరంగములో మూడవపాలు అనుకొందము. ఏడు చోట్లకు 21 జంటలు, కావున 7 తరంగములు చాలును.

ఏ జంటలను ఏ తరంగమున నెక్కింపవలెనన్నదే ప్రశ్న. ఒకదానితో ఒకటి కలియని మూడేసి జంటలను (1-2, 3-4, 5-6 వలె) చేర్చినచో తరంగమునకు ఆరేసి యంత్రములు, మొత్తము 42. అట్లు కాక 1-2-4, 2-3-5, 3-4-6, 4-5-7, 5-6-1, 6-7-2, 7-1-3 అని మూడేసి చోట్లకు ఒక తరంగము నిచ్చినచో మొత్తము 21 యంత్రములే. ప్రతి జంటయు ఒక్కసారే వచ్చినదా యని విద్యార్థులు కాగితముమీద సరిచూచుకొనవచ్చును. గాజు పెరుగలేదు, తరంగము పెరుగలేదు, సగము యంత్రములు మిగిలినవి. దూరములను మాత్రమే కొలుచువారికి ఈ లాభము కనబడనే కనబడదు.

అయితే ఈ గణితమునకును ఒక లోపమున్నది. అది యంత్రములను లెక్కించును గాని పలుగుపారలను లెక్కింపదు. త్రవ్వుటకు ఖర్చెక్కువ. అందుచేతనే తెలంగాణలో మిషన్ భగీరథ నీటిగొట్టములకు త్రవ్విన కందకములలో టీ-ఫైబర్ తీగను వేసిరి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభములమీద నడిపినది. రెండును తెలివైన పొదుపులే, కాని తుపాను తీరమున స్తంభముతోపాటు తీగయు ఒరుగును, గొట్టము బాగుచేయ త్రవ్వినవాని పారకు తీగయు తగులును.

వలయమున్నంతమాత్రమున నిశ్చింత కూడదు. ఒక దిక్కు తెగినప్పుడు ఎదురు దిక్కున పోవుటకు రెండవ తంతువు ఉండవలెను. ఇరుకు సందులలో ఖర్చు తగ్గునని వలయములో పోవు వైపును, తిరిగివచ్చు వైపును ఒకే కందకములో పరచినచో, పటమున వలయము గుండ్రముగానే కనిపించును, జేసీబీ ఒక్క వేటున రెంటిని కోయును.