ఒకే అడవి, రెండు అర్జీలు

కొన్ని ప్రకృతి సంపదలు మానవజాతి అంతటికిని చెందిన వారసత్వమని 1972లో యునెస్కో ఆమోదించిన ప్రపంచ వారసత్వ ఒడంబడిక చెప్పుచున్నది. మాట ఉదాత్తమైనది. కాని డబ్బు సంగతి వచ్చుచోట ఆ పత్రమే స్వరము మార్చుచున్నది. 19వ అధికరణము ప్రకారము ఏ దేశమైనను సహాయము కోరునది తన భూభాగములోని సంపదకు మాత్రమే.

ఈ నియమమును సుందరవనములకు అన్వయించి చూచిన లోపము తెలియును. కోరంగి మడ అడవులను చూచిన విద్యార్థులు వానికి ఎన్నో రెట్లు పెద్ద అడవిని ఊహించుకొనవలెను. సుమారు 10,000 చదరపు కిలోమీటర్లు. అందు దాదాపు అయిదింట మూడు వంతులు బంగ్లాదేశ్‌లోను, మిగిలినది భారతదేశములోను కలవు. భారతదేశపు జాతీయోద్యానము 1987లోను, బంగ్లాదేశ్‌లోని మూడు అభయారణ్యములు 1997లోను వేరువేరుగా జాబితాకెక్కినవి.

సుందరి చెట్టు మడ జాతులలో ఉప్పును అంతగా ఓర్వలేనిది. నదిలో మంచినీరు తగ్గినచో ఆటుపోటులతో ఉప్పునీరు లోపలికి ఎగదన్నును. చెట్టు తల ఎండనారంభించును. 1975లో ఫరక్కా ఆనకట్ట పనిచేయ మొదలిడిన తరువాత ఎండకాలమున గోరై నదికి నీరు తగ్గి, బంగ్లాదేశ్ వైపు ఉప్పదనము పెరిగినది. గోరై మొగ ఒండ్రుతో పూడుటయు దీనికి తోడైనది. అనగా కారణములలో ఒకటి ఒక దేశమున, రోగము మరొక దేశమున ఉన్నవి. కావలి పడవలకు, చెట్ల లెక్కకు డబ్బు అడుగుటకు 19వ అధికరణము చాలును. ఎగువ నీటిని గూర్చి అది మూగది.

ఇక నిధియైనను పెద్దది కాదు. యునెస్కోకు కట్టు చందాలో నూటికి ఒకటికి మించి సభ్యదేశమును అడుగరాదని 16వ అధికరణము. సాధారణముగా ఖర్చులో కొంత భాగమే ఇయ్యవలెనని 25వది. అయితే చందాలకు రాజకీయ షరతులు పెట్టరాదన్న నియమము మాత్రము మెచ్చదగినది.

ఉత్తర సముద్రపు వాడెన్ తీరమున డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్ మరొక దారి పట్టినవి. మూడు ప్రభుత్వములు ఖర్చు భరించు ఉమ్మడి కార్యాలయము 1987లో ఏర్పడినది. జర్మనీ, నెదర్లాండ్స్ భాగములు 2009లోను, డెన్మార్క్ భాగము 2014లోను ఒకే పేరు క్రింద జాబితాలో చేరినవి. అచ్చట ముందు పద్దు, తరువాత బిరుదు!

అవి సంపన్న దేశములు గదా యనవచ్చును. కాని తొలి మెట్టుకు అంత ధనము అక్కరలేదు. సుందరవనముల రక్షణకు సహకరించుకొందుమని భారత, బంగ్లాదేశ్ ప్రభుత్వములు 2011లో ఒప్పందము వ్రాసికొన్నవి. దాని క్రింద సరిహద్దుకు ఇరువైపుల ఒకే పద్ధతిలో ఉప్పదనము కొలిచి, ఒకే పుస్తకమున వ్రాయుటకు ఇరువురును చెరి సగము ఖర్చు పెట్టుకొనవచ్చును. ఆ పుస్తకము చేతబట్టి ఇద్దరును కలిసి ఒకే అర్జీ పెట్టిననాడు 19వ అధికరణమునకు అర్థము చెప్పవలసిన భారము యునెస్కోపై పడును.