శాతానికి అందని లెక్క (ముందుమాట)

ఎదురుమొండి నుంచి బందరు రావాలంటే ముందు పంటు ఎక్కాలి. మూడుచక్రాల బండిని పంటు మీదికి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. నీళ్లు తీసిన పూట నలుగురు. అంతా ఆ రోజు కూలి మానుకుని వచ్చినవాళ్లే. వైకల్యాన్ని కొలిచే సదరం శిబిరంలో డాక్టరు కాలు వంచి చూస్తాడు, శాతం వేస్తాడు. 40 ఉంటే పింఛను, 39 అయితే లేదు. రేవులో పోయిన కూలి ఆ కాగితంలోకి ఎక్కదు. వైకల్యం మీద ఈ అమ్మాయి రాసిన ఈ పుస్తకం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

వైకల్యం మీద మనవాళ్లు రాస్తే జాలికథ అవుతుంది, లేదా విజయగాథ అవుతుంది. మన సీతారామపురం బిడ్డ బొల్లా శ్రీకాంత్ గురించి అందరికీ తెలుసు. చూపు లేని ఆ కుర్రవాడు ఎంఐటీలో చదివాడు, పరిశ్రమ పెట్టాడు, 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది. ఈ రచయిత్రి చప్పట్లు కొట్టి ఊరుకోలేదు. ఇంటర్‌లో సైన్సు చదవడానికి ఆ పిల్లవాడు కోర్టుకెక్కాల్సిన అవసరం ఎందుకొచ్చిందని నిలదీసింది. కోర్టు దాకా వెళ్లలేని పిల్లలు ఏమయ్యారని అడిగింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది భూమి గురించిన అధ్యాయం. ఇద్దరు పిల్లలనుకోండి, ఇద్దరిదీ అదే పోలియో కాలు. పదెకరాల మాగాణి ఉన్న ఇంట్లో పుడితే ఎరువుల కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. నాట్లకు పోయే ఇంట్లో పుడితే ఆ ఇంటికి ఒక కూలి తగ్గినట్టే, అతణ్ణి కనిపెట్టుకుని ఉండే తల్లిది కూడా కలిపితే రెండు.

రాజకీయం కదల్లేదని ఎవరూ అనలేరు. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21కి పెంచింది. ఉద్యోగాల్లో 3 శాతం కోటా 4 అయింది. మాదిగ దండోరా ఉద్యమం నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాటాన్నీ భుజానికెత్తుకోవడం కాకతాళీయం కాదంటుంది రచయిత్రి. నిజమే, అవమానమంటే ఏమిటో మాదిగవాడలో ఎవరూ నేర్పక్కర్లేదు. 2024 జులైలో రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలు అయింది. ఏడాది తిరక్కుండానే మళ్లీ పరీక్షలు, నోటీసులు మొదలయ్యాయి. ఇచ్చే చెయ్యే లెక్కలడుగుతుంది మరి!

రచయిత్రి గుడివాడను మాత్రం తొందరగా దాటేసింది. బియ్యం మిల్లుల్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లకు రెండు పేజీలు చాలవు. మలి ముద్రణలో ఈ లోటు తీర్చాలి.

ఇక దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన అనగానే మా తరం పోయినవాళ్ల గురించే చెప్పుకుంది. నడుములు విరిగి బతికినవాళ్ల ఇళ్లకు ఈమె వెళ్లింది. తుఫాను షెల్టరు ఎత్తుగానే కట్టాలి, తప్పదు. అయితే మెట్లెక్కలేని మనిషిని ఎవరు మోయాలో పంచాయతీ ముందే పేర్లు రాసిపెట్టుకోవాలంటుంది. పైసా ఖర్చు లేని పని. కలెక్టరాఫీసులో ఎవరైనా పుస్తకమంతా చదవలేకపోతే, అక్టోబరు తుఫాన్లు వచ్చేలోగా షెల్టర్ల మీది ఆ నాలుగు పేజీలైనా చదవాలని నా మనవి.