పలక, ముడుల తాడు, ధ్రువ నక్షత్రం

విశాఖపట్నం నుంచి నాగపట్నం దాకా మన తూర్పు తీరాన్ని మ్యాపులో ఒకసారి చూడండి. పైభాగం ఈశాన్యానికి ఒరిగినా, మొత్తం మీద ఉత్తరం నుంచి దక్షిణానికి దిగే గీత అది. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు, కాకినాడ దాదాపు 17, మచిలీపట్నం 16.2, చెన్నై 13.1, నాగపట్నం 10.8. ఒక్కో రేవుది ఒక్కో అంకె. బర్మా వైపు నుంచి బంగాళాఖాతం దాటి వచ్చే ఓడవాడికి తన అక్షాంశం ఒక్కటి తెలిస్తే చాలు, ఎదురుగా ఏ రేవు తగులుతుందో తెలిసినట్టే. ఇంకా ఎంత దూరం ఉందో తెలియకపోవచ్చు. పడమటికే పోతుంటే నేల ఎలాగూ తగులుతుంది.

ఆ అక్షాంశాన్ని ధ్రువ నక్షత్రం చెబుతుంది. భూమధ్యరేఖ మీద నిలబడితే అది దిగంతానికి ఆనుకుని ఉంటుంది, ఉత్తర ధ్రువానికి వెళితే నడినెత్తికి వస్తుంది. మధ్యలో ఎక్కడున్నా అది ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే మన అక్షాంశం ఇంచుమించు అంత. ఆ ఎత్తు కొలవడానికి హిందూ మహాసముద్రపు నావికులు వాడిన సాధనం కమాల్. చిన్న చెక్కపలక, దాని నడిమధ్య చిల్లు, చిల్లులోంచి ముడులు వేసిన తాడు. అంతే.

వాడే పద్ధతి చూడండి. తాడును ముడి దగ్గర పళ్ల మధ్య పట్టుకుని, అది బిగిసేదాకా పలకను ముందుకు చాపాలి. పలక కింది అంచు సముద్రమూ ఆకాశమూ కలిసే గీతకు ఆనాలి, పై అంచు నక్షత్రాన్ని తాకాలి. రెండూ ఒకేసారి కుదిరితే పళ్ల మధ్య ఉన్న ముడి ఏ రేవుదో ఆ రేవు అక్షాంశంలో ఓడ ఉన్నట్టు. నక్షత్రం పలక పైన ఇంకా ఎత్తులో కనిపిస్తే ఓడ ఉత్తరానికి ఎక్కువ వచ్చింది, పలక చాటుకు పోతే దక్షిణానికి జారింది. చుక్కానివాడు సరిచేసుకుని, ఆ ముడి తప్పకుండా పడమటికి సాగిపోతాడు. కాగితం మీద లెక్క లేదు, పట్టిక లేదు, చదువుతో పని లేదు. బయల్దేరే ముందు సొంత రేవులో ముడి వేసుకోవడమే దానికి కావలసిన మొదటి విద్య.

ముడుల మధ్య దూరం ఎంతుంటుందో లెక్క వేస్తే ఈ పనిముట్టు తెలివి బయటపడుతుంది. పలక ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకుందాం. కంటి నుంచి పలకకు దూరం చెన్నైకి 43.5 సెంటీమీటర్లు, మచిలీపట్నానికి 35, కాకినాడకు 33.6, విశాఖకు 32. మన అక్షాంశాల దగ్గర ఒక్క డిగ్రీ తేడాకు తాడు మీద దాదాపు రెండు సెంటీమీటర్లు జరగాలి. బొటనవేలి వెడల్పంత దూరం అది, చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది. ఇదే పలకను లండన్ తీసుకెళితే తాడు 10 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది, డిగ్రీకి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే తేడా వస్తుంది. ముడి మందమే అంత ఉంటుంది! ధ్రువ నక్షత్రం కిందుగా కనిపించే సముద్రాల కోసం పుట్టిన పనిముట్టు ఇది. దీన్ని మొరటు సాధనమని తీసిపారేసేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

అరబ్బు నావికులు కోణాన్ని వేళ్లలో కొలిచేవారు. వారి ఇస్బా, అంటే ఒక వేలు, మన లెక్కలో సుమారు 1.6 డిగ్రీలు. 15వ శతాబ్దపు ఒమన్ నావికుడు ఇబ్న్ మాజిద్ రాసిన నౌకాశాస్త్ర గ్రంథంలో రేవుల అక్షాంశాలన్నీ ఈ వేళ్లలోనే ఉంటాయి. లక్షద్వీప్ నావికులు రహ్మానీలనే చేతిరాత పుస్తకాల్లో ఇలాంటి కొలతలు దాచుకున్నారు. కోరమాండల్ తీరపు దేశీ నావికుల ఉపాయాల గురించి కాంగ్రీవ్ అనే ఇంగ్లిష్ అధికారి 1850లో మద్రాసు పత్రికలో వ్యాసం రాశాడు. రేవుకో ముడి వేసిన తాడూ పలకా ఆయనకు మన తీరంలోనే కనిపించాయి. బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ కూడా 1836లో అరబ్బుల నౌకా సాధనాల మీద ఒక వ్యాసం ప్రచురించాడు.

యూరప్ వాళ్లు ఈ పలకను చూసిన తీరు తమాషాగా ఉంటుంది. వాస్కో డ గామా 1497లో దక్షిణాఫ్రికా తీరంలో చెక్కతో చేసిన పెద్ద ఆస్ట్రోలేబును ఒడ్డుకు దింపి, కర్రలకు వేలాడదీసి సూర్యుడి ఎత్తు కొలిచాడని పోర్చుగీసు చరిత్రకారుడు బరోస్ రాశాడు. మరుసటి ఏడు తూర్పు ఆఫ్రికా రేవు మాలిందిలో దొరికిన గుజరాతీ మార్గదర్శికి ఆ యంత్రాన్ని చూపిస్తే అతను ఏమాత్రం ఆశ్చర్యపోలేదట. తమకూ పలకల సాధనం ఉందని చూపించాడట. 1500లో పోర్చుగీసు నౌకాధిపతి కబ్రాల్ ఓడల వెంట బ్రెజిల్ చేరిన ఖగోళజ్ఞుడు మెస్త్రే జొవావ్ తన రాజుకు ఉత్తరం రాస్తూ, ఓడ కాస్త ఊగినా నాలుగైదు డిగ్రీల తప్పు వస్తోందని, నక్షత్రాల ఎత్తు నేల మీద తప్ప కొలవలేమని మొరపెట్టుకున్నాడు. భారతదేశపు పలకలతోనూ చాలా తంటాలు పడాలని అదే ఉత్తరంలో వాపోయాడు. చేతికి అలవాటు లేని పనిముట్టు ఎవరినైనా అలాగే ఏడిపిస్తుంది.

ఆయన గోడులో ఒక అసలు సంగతి ఉంది. ఆస్ట్రోలేబు, క్వాడ్రంట్ వంటివి వేలాడే బరువు మీద ఆధారపడతాయి. ఓడ ఊగితే బరువూ ఊగుతుంది. కమాల్‌కు బరువుతో పని లేదు, దిగంతరేఖ చాలు. సముద్రం మీద పలకది పైచేయి. నేల మీద కథ తిరగబడుతుంది. ఇళ్లు, చెట్లు, కొండలు దిగంతాన్ని మింగేస్తాయి, గుండు మాత్రం నిశ్చలంగా వేలాడుతుంది. అందుకే ఇంట్లో సాధన మొదలుపెట్టేవారు ముందు గుండుతోనే మొదలుపెట్టాలి.

దానికి స్కూలు పిల్లల కోణమానిని చాలు. దాని చదునైన అంచు వెంబడి ఒక స్ట్రా అతికించండి. కేంద్రం దగ్గరి చిల్లు నుంచి దారం వేలాడదీసి, చివర ఓ నట్టు కట్టండి. స్ట్రాలోంచి ధ్రువ నక్షత్రాన్ని చూస్తుంటే పక్కనున్నవాళ్లు దారం పడిన అంకె చదవాలి. 90కీ దానికీ ఉన్న తేడాయే నక్షత్రపు ఎత్తు. విజయవాడలో దారం 73, 74 అంకెల మధ్య నిలవాలి. గాలికి దారం కదులుతుంటే నట్టును గ్లాసు నీళ్లలో మునిగేలా ఉంచండి, ఊగడం తగ్గుతుంది. ఒక్క కొలతను నమ్మకండి, నాలుగైదు తీసి సగటు కట్టండి. అర డిగ్రీ లోపు వస్తే బాగా వచ్చినట్టే. అర డిగ్రీ అంటే నేల మీద 55 కిలోమీటర్లు.

కమాల్ కూడా ప్రయత్నించాలనుకునేవారికి మన తీరంలో ఒక చిక్కు ఉంది. ఆంధ్ర తీరమంతా తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి ఉంటుంది, ఉత్తరం వైపు ఉండేది నేలే. బీచిలో నిలబడినా ధ్రువ నక్షత్రం కింద నీళ్ల గీత దొరకదు. దీనికి తాపీమేస్త్రీ దగ్గర విరుగుడు ఉంది. నీళ్లు నింపిన ప్లాస్టిక్ పైపుతో మేస్త్రీలు గోడలకు లెవల్ చూస్తారు కదా, అదే పైపుతో మేడ మీద మీ కంటి ఎత్తును ఉత్తరం వైపు దూరంగా ఉన్న ఓ కర్ర మీదికి తీసుకెళ్లి తెల్లటి గుడ్డ కట్టండి. ఆ గుడ్డే మీ దిగంతం. తల మాత్రం ఎత్తకూడదు, దించకూడదు.

ఇక ధ్రువుడి నిజాయితీ సంగతి. ఆయన కదలడని మనకు పురాణం చెప్పింది గానీ, ఆ నక్షత్రం ఆకాశ ధ్రువానికి 0.6 డిగ్రీల పైచిలుకు దూరంలో చిన్న వలయం తిరుగుతుంది. ఇబ్న్ మాజిద్ కాలంలో ఆ దూరం దాదాపు మూడున్నర డిగ్రీలు. సవరణ లేకపోతే ఒక్కో వేళ దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల తేడా వచ్చేది. అందుకే ఆ నావికులు చంద్రుడి దారిలోని 28 నక్షత్ర స్థానాలనూ కంఠస్థం చేసి, ఏది నడినెత్తికి వస్తే ఎంత కలపాలో, ఎంత తీసేయాలో గుర్తుపెట్టుకునేవారు. మనకు అంత శ్రమ లేదు. ‘ఎం’ అక్షరంలా ఉండే శర్మిష్ఠ గుంపు ధ్రువుడికి పైన ఉంటే ధ్రువుడు కాస్త ఎగువన ఉన్నట్టు, వచ్చిన కొలత కొంచెం ఎక్కువ. సప్తర్షులు పైన ఉంటే తక్కువ.

పగటి పూట సాధనకు శంకువు ఉంది. సూర్యుణ్ణి స్ట్రాలోంచి చూడవద్దు, కన్ను పోతుంది. నిట్టనిలువు కర్ర నీడ చాలు. మార్చి 20, సెప్టెంబర్ 23 ప్రాంతాల్లో మచిలీపట్నంలో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ 29 సెంటీమీటర్లు పడుతుంది, అక్షాంశం అందులోనే ఉంది. మన సిద్ధాంతులు 12 అంగుళాల శంకువుకు అదే రోజు పడే నీడను పలభ అంటారు. మచిలీపట్నానికి అది సుమారు మూడున్నర అంగుళాలు. రేఖాంశానికి గడియారం కావాలి. భారత ప్రామాణిక కాలం లెక్కించే 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర కనుక, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ అతి పొట్టి నీడ పదహారు నిమిషాలు ఆలస్యంగా పడుతుంది. రుతువును బట్టి దీనికి ఇంకో పావుగంట దాకా సవరణ ఉంటుంది.

ఫోను తీస్తే అక్షాంశం వచ్చేసే రోజుల్లో ఇదంతా ఎందుకని అడిగేవారికి ఒక్క సంగతి. అమెరికా నౌకాదళ అకాడమీ 1990ల చివర్లో నక్షత్రాల లెక్కలను పాఠ్యాంశంలోంచి తీసేసింది. ఉపగ్రహ సంకేతాలను శత్రువు చెడగొట్టగలడని గ్రహించి 2015లో మళ్లీ చేర్చింది. మనకు ఆ యుద్ధభయం లేదు గానీ, తాను భూమి మీద ఎక్కడున్నాడో తానే కొలుచుకోగలిగిన పిల్లవాడు భూగోళం పాఠాన్ని వేరుగా చదువుతాడు. అక్షాంశమంటే పుస్తకంలోని అడ్డగీత కాదని అతనికి దారమూ నట్టూ చెప్పేస్తాయి.

మొదలుపెట్టడానికి డిసెంబర్ మంచిది. రాత్రి పొడుగు కనుక చీకటి పడగానే ఒక కొలత, దాదాపు పన్నెండు గంటల తర్వాత తెల్లవారకముందు ఇంకో కొలత తీసుకోవచ్చు. ఆ వ్యవధిలో ధ్రువుడు తన వలయంలో దాదాపు సగం తిరిగి ఎదుటి వైపుకు చేరతాడు. రెండింటి సగటు కడితే ఏ సవరణా అక్కర్లేకుండా మీ ఊరి అక్షాంశం వచ్చేస్తుంది. మ్యాపుతో సరిపోల్చుకోండి.