మన గోడు పట్టని నేల

కథానాయకుడికి కన్నీళ్ళు రాగానే బయట వాన మొదలవుతుంది. ప్రేమ పుడితే పున్నమి. మన కథల్లో ఈ తంతు ఎన్నాళ్ళనుంచో నడుస్తోంది. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, హచ్చొళ్ళిలో కూర్చుని చదివేవాడికి మాత్రం నవ్వొస్తుంది. వానకు మనిషి గోడు పట్టేదే అయితే ఈ సీమ అన్ని కరువులు చూసేది కాదు.

అందుకే నేను మళ్ళీ మళ్ళీ రచయిత బుచ్చిబాబు దగ్గరికి వెళ్తాను. 'చివరకు మిగిలేది' నవలకు ఆయన మొదట అనుకున్న పేరు 'ఏకాంతం'. తొలి భాగాల్లో కోస్తా పచ్చదనం ఆ ఏకాంతానికి తోడుగా ఉంటుంది. కథానాయకుడు దయానిధి మనసు ఎటు పోతే చెట్టూ చేమా అటే వంగుతాయి. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ ప్రకృతి అతని అద్దం. అందులో అతనికి తనే కనిపిస్తాడు.

తర్వాత దయానిధి రాయలసీమకు వస్తాడు. నవల అసలు బలం ఇక్కడుందని నా లెక్క. ఈ నేల అతన్ని ఓదార్చదు. వజ్రం ఇస్తుంది, అదీ అతని గొప్పతనం చూసి కాదు. ఈ సంగతి మా వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం నడుం వంచి రాళ్ళు వెతుకుతారు. బళ్ళారి వైపు నుంచీ పోతారు. వాన మట్టిని కడిగితే గులకరాళ్ళు పైకి తేలతాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఏదో తళుక్కుమంటుంది; తీసి, ఉమ్ము తడితో తుడిచి చూస్తే చాలాసార్లు ఉత్త రాయే. అక్కడ ఆకాశాన్ని చూసి పరవశించేంత తీరిక ఎవరికీ ఉండదు. కళ్ళు నేలమీదే.

బుచ్చిబాబు కొన్నాళ్ళు అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేసిన చిత్రకారుడు కూడా. గోధుమరంగు గుట్టను గోధుమరంగుగానే చూడగల కన్ను ఆయనకు అక్కడే కుదిరిందేమోనని నా ఊహ. రుజువులు అడక్కండి.

మా ఊళ్ళ సంగతి ఇంకో రకం. తుంగభద్ర కాలువ నీళ్ళొచ్చాక నల్లరేగడిలో వరి పచ్చబడింది. ఆ పచ్చదనం వెనక ఆనకట్ట, తూము, వంతుల కోసం తగాదా ఉన్నాయి. దాన్ని ఉత్త అందంగా రాస్తే కాలువ చివరి రైతు ఒప్పుకోడు.

కొత్తగా రాసేవాళ్ళకు ఒక్క మాట. 'చివరకు మిగిలేది' తొలి భాగం చూసి వర్ణన నేర్చుకోకండి. రాయలసీమ భాగం చూసి నేర్చుకోండి.