ఇందిరని ఎవరడిగారు?

మొన్న మా అమ్మాయి తన మనస్తత్వశాస్త్రం మొదటి పాఠాల పుస్తకాన్ని వంటింటి గట్టుమీద మర్చిపోయి కాలేజీకి వెళ్ళింది. పప్పు ఉడికేలోగా నాలుగు పేజీలు తిరగేద్దామని తీశాను. చెప్పొద్దూ, పప్పు అడుగంటింది!

1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే ఆయన ప్రయోగశాల పెట్టాడు. అప్పట్నుంచీ ఈ శాస్త్రం మనసుని ఒక్క కిటికీలోంచి చూసి ఊరుకోలేదు. అది చదువుతుంటే నాకు మన గోపీచంద్ గారి ‘అసమర్థుని జీవయాత్ర’ గుర్తొచ్చింది. ఆయన 1910లో గుడివాడ పక్కనే, అంగలూరులో పుట్టారు. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అని ఆ పుస్తకానికి పేరు. ఈసారి పాఠ్యపుస్తకాన్ని పక్కన పెట్టుకుని మళ్ళీ చదివాను.

కథ మీలో చాలామందికి తెలిసిందే. సీతారామారావు కలిగినవాళ్ళ బిడ్డ. వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి పోతూ పోతూ చెబుతాడు. ఆ ప్రతిష్ఠ కోసం చేతికి ఎముక లేకుండా ఇచ్చి, ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత పని చెయ్యలేడు, ఊరికే ఉండలేడు. ఆ కసంతా ఇంట్లో భార్య ఇందిర మీద తీర్చుకుంటాడు. చివరికి శ్మశానంలో తన ప్రాణం తానే తీసుకుంటాడు.

ఫ్రాయిడ్ కిటికీలోంచి చూస్తే, చనిపోయిన తండ్రి ఇతని లోపల కూర్చుని ఇంకా ఆజ్ఞలు ఇస్తూనే ఉన్నాడు. ఆడ్లర్ అయితే, ఆ గొప్పలన్నీ లోపలి న్యూనతాభావాన్ని కప్పుకునే దుప్పటి అంటాడు. స్కిన్నర్ మనసు జోలికే పోడు. ఇచ్చినప్పుడల్లా మెప్పు దొరికింది కనక ఇవ్వడం అలవాటైంది, డబ్బైపోయాక మెప్పూ ఆగిపోయింది, అంతే అంటాడు. మూడూ నిజంలాగే ఉన్నాయి. గోపీచంద్ గారి గొప్పతనం అదే. ఏ ఒక్క సిద్ధాంతానికీ పూర్తిగా లొంగని మనిషిని సృష్టించారు.

కానీ పాఠ్యపుస్తకంలో పరిశోధనా పద్ధతుల అధ్యాయం కూడా ఉంది. అక్కడే నాకు చిక్కొచ్చింది. ఒక మనిషిని లోతుగా తవ్వి చూడటాన్ని కేస్ స్టడీ అంటారు. లోతు దొరుకుతుంది గాని, ఒక్కరిని చూసి పదిమందికి సూత్రం కట్టకూడదట. ముందే ఒక అభిప్రాయం పెట్టుకుని చూస్తే దానికి సరిపోయేవే కంటికి ఆనతాయట కూడా. మరి ఈ నవల అట్టమీదే తీర్పు ఉందిగా! ‘అసమర్థుడు’ అని చదివి లోపలికి వెళ్ళిన మనకి అతని ప్రతి పనీ సాక్ష్యంగానే కనిపిస్తుంది.

ఇంకో లోటూ ఉంది. కథంతా దాదాపు అతని తలలోంచే నడుస్తుంది. అతన్ని రోజూ చూసిన మనిషి, అతనికి అన్నం పెట్టిన మనిషి, ఇందిర. ఆ సాక్షి వాంగ్మూలం ఏదీ? అతనిది అసమర్థతో, జబ్బో, అహంకారమో ఆవిడకి తెలిసినంత మనకి తెలుస్తుందా?

ఇదేదో పుస్తకాల గొడవ అనుకోకండి. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేనింకా పుట్టలేదు. దివిసీమ నుంచి బందరులో మా ఇంటికొచ్చిన మేనత్త మాత్రం నాకు బాగా గుర్తు. కార్తీకమాసంలో మబ్బు పట్టిందంటే చాలు, బియ్యం డబ్బా, అగ్గిపెట్టె అటక మీదికి ఎక్కించేది. ‘దానికి కాస్త తిక్కలే’ అనేవారు ఇంట్లో. నేనూ నవ్వాను. పెద్దయ్యాక ఒకరోజు ‘ఎందుకత్తయ్యా?’ అని అడిగాను. ‘నీళ్ళొస్తే పిల్లలు ఏం తింటారే?’ అంది. అన్నేళ్ళలో అడిగిన మొదటిదాన్ని నేనేనట.

గోపీచంద్ గారు ఈ నవలని ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తన తండ్రికి అంకితమిచ్చారు. ఆయన ఆ ప్రశ్నని సీతారామారావుని అడిగారు, గట్టిగా అడిగారు. ఇందిరని అడగలేదు. ఆవిడ వైపు నుంచి ఈ కథని మీలో ఎవరైనా రాస్తే, మొదటి పాఠకురాలిని నేనే.