గట్టి నేల మీద షామియానా

గుడ్డ పరవడం, గుంజలు లేపడం నలుగురు మనుషులుంటే ఎక్కడైనా అయ్యే పనులే. షామియానా వేసేవాళ్ల పనితనం తాడు రెండో కొస దగ్గర, అది నేలను పట్టుకునే చోట కనిపిస్తుంది. వరంగల్ నేల అంత తేలిగ్గా పట్టు ఇవ్వదు. చాలాచోట్ల పైన పలచగా ఎర్ర చెలక, కింద మొరం, ఇంకాస్త దిగితే పరుపుబండ. కోటలోని ఏకశిల గుట్ట, హనుమకొండలోని పద్మాక్షి గుట్ట ఆ బండ పైకి తేలిన చోట్లు. ఇప్పుడు దీనికి కాలనీల్లో సీసీ రోడ్లు తోడయ్యాయి. పెళ్లిళ్లేమో నేల ఎండి బిగుసుకుపోయిన నడివేసవిలోనే ఎక్కువ.

మొరంలో మేకు దించాల్సి వస్తే మంచి మేస్త్రీ ముందుగా సమ్మెట ఎత్తడు. గడ్డపారతో పై పెచ్చు పగలగొట్టి, బిందెడు నీళ్లు పోయించి, అవి ఇంకేదాకా వేరే పని చూసుకుంటాడు. తర్వాత పని చేతిది ఎంతో చెవిది అంత. మేకు మట్టిలోకి దిగుతున్నంతసేపు దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది. రాయి తగిలితే ఖంగుమంటుంది. ఆ చప్పుడు విన్నాక అదే చోట మరో దెబ్బ వేయడు, జానెడు పక్కకు జరుగుతాడు. బలం చూపించబోయి మేకు వంచుకునేవాళ్ల పక్కన ఇతని ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది.

మేకు తల షామియానాకు అవతలి వైపు వాలి ఉండాలి. తాడు నేలకు ఆనుకుని, మేకు మొదట్లోనే పడాలి. పైన కడితే గాలి లాగినప్పుడల్లా మేకు ఊగి, తన గుంతను తానే వెడల్పు చేసుకుంటుంది. గుంజ ఎనిమిదడుగులైతే మేకు కూడా ఇంచుమించు అంత దూరంలో ఉండాలి. ఇరుకు సందుల్లో అంత జాగా దొరకదు. దగ్గరగా కొడితే తాడు నిటారుగా నిలబడి మేకును పైకి పెరుకుతుంది. అప్పుడు వెనక ఇంకో మేకు దించి, ముందుదాని తలను వెనకదాని మొదలుకు బిగిస్తారు. ముందు మేకు కదలబోతే వెనకది ఆపుతుంది. చూడ్డానికి చిన్న కట్టే, కానీ ఆ సందులో ఎంత జాగా ఉందో, గాలి ఎటు నుంచి వస్తుందో తెలిసినవాడికే అది తడుతుంది.

సీసీ రోడ్డు మీద మేకు మాట ఉండదు, బరువు మీదే ఆధారపడాలి. 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు గుడ్డ దాదాపు 60 చదరపు మీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. గుడ్డంతా నిండుగా గాలి పట్టిందా, అది 700 కిలోలు దాటుతుంది. మే నెల సాయంత్రం లేచే గాలిదుమారానికి ఆ వేగం పెద్ద లెక్క కాదు. 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు పోస్తే 200 కిలోల బరువు. నాలుగు మూలలా నాలుగు డ్రమ్ములు పెడితే చాలనిపిస్తుంది. కానీ నున్నటి సిమెంటు మీద డ్రమ్ము లేవడానికి ముందే జారుతుంది. అందుకే తెలిసినవాళ్లు గుంజ పాదానికి అడ్డంగా ఇనుప పైపు కట్టి, దాని మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. బస్తా సగమే నింపుతారు. బిగుతుగా నింపింది దొర్లుతుంది, సగం నింపింది నేలకు అతుక్కుని కూర్చుంటుంది.

ఈ ప్రాంతం ఇసుకను నమ్మడం కొత్త కాదు. 1213 నాటి రామప్ప గుడిని పునాది గుంతల్లో ఇసుక నింపి, దాని మీద నిలబెట్టారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి అది. అక్కడ ఇసుక రాతి బరువును మోస్తుంది. ఇక్కడ గుడ్డను ఎగిరిపోకుండా ఆపుతుంది.

కరెంటు స్తంభానికి తాడు కట్టనని చెప్పే మేస్త్రీకి నేను రెండు చేతులా దండం పెడతాను. చేతికి అందేంత దగ్గరలో స్తంభం ఉంటుంది, ఇంటివాళ్లు తొందరపెడుతుంటారు, అయినా కట్టడు. ఇటుకల గేటు స్తంభమైతే అడుగున కడతాడే గానీ తలకు కట్టడు. పై బరువు మోసే ఇటుక పక్కకు లాగితే తట్టుకోదని అతనికి తెలుసు. వేపచెట్టు దొరికితే బెరడు కోసుకుపోకుండా గోనెసంచి చుట్టి మరీ కడతాడు.

కట్టాక కూడా పని అయిపోదు. నూలు తాడు తడిస్తే బిగుసుకుంటుంది, నైలాన్ తాడు సాగుతుంది. పొద్దు వాలేలోపు మేస్త్రీ ప్రతి తాడునూ ఒకసారి చేత్తో మీటి చూస్తూ చుట్టూ తిరుగుతాడు. అందుకే ముడి లాగితే జరిగేలా, వదిలితే నిలిచేలా వేస్తారు. గాలి లేస్తే ముందుగా పక్క పరదాలు ఎత్తి కట్టేస్తాడు, గాలి లోపల చిక్కుకోకుండా అటు నుంచి ఇటు వెళ్లిపోతుంది. పెళ్లి అయ్యాక మేకులు పీకడానికీ పద్ధతి ఉంది. మొదట్లో నీళ్లు పోసి, తలను అటూ ఇటూ తట్టి, తాడు మెలిక వేసి గడ్డపారతో మీటితే వంకర పోకుండా వస్తుంది. ఆ గుంతలో మొరం పోసి కాలితో తొక్కి, మర్నాడు పిల్లలు ఆడుకునేటప్పుడు కాలు పడకుండా చదును చేసిగానీ వాళ్లు సామాను ట్రాలీ ఎక్కించరు.