అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి

టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌కు ఆగ్నేయంగా మెకిన్నీ ఫాల్స్ స్టేట్ పార్క్ ఉంది. ఆనియన్ క్రీక్ అనే ఏరు దాని గుండా పారుతుంది. వేసవి సెలవులు మొదలై, ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగే రోజుల్లో ఇక్కడి తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది: "పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లడానికి ఏదైనా ఈజీ ట్రెయిల్ చెప్పండి." చెబుతాను. కానీ పేరు చెప్పి ఊరుకోలేను. కష్టమైన దారి కంటే సులువైన దారికే ఎక్కువ ఆలోచన కావాలని నా గట్టి నమ్మకం. కొండలెక్కేవాళ్లు బూట్లు, నీళ్లు, మ్యాపు ఎవరివి వాళ్లు చూసుకుంటారు. సులువైన దారికి వచ్చేవాళ్లు మన మాట నమ్ముకుని, కాళ్లకున్న చెప్పులతోనే బయల్దేరతారు.

మైళ్లు చూసి దారి సులువో కాదో తేల్చుకోవడం చాలామందికి అలవాటు. ఈ పార్కులోనే ఆ లెక్క చెల్లదు. ఇక్కడ చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే దారులు రెండు ముఖ్యమైనవి. రెండూ మూడు మైళ్లకు అటూ ఇటూ. ఆనియన్ క్రీక్ ట్రెయిల్ 2.8 మైళ్లు, అంటే నాలుగున్నర కిలోమీటర్లు. గట్టి నేల, స్ట్రోలర్ కూడా వెళ్తుంది. రెండోది హోమ్‌స్టెడ్ ట్రెయిల్. కింది జలపాతం దగ్గర ఏరు దాటితే తప్ప ఆ దారి మొదలవదు. అక్కడ వంతెన లేదు. తడిసి పాచిపట్టిన సున్నపురాయి మీద మోకాళ్ల నొప్పులున్న మనిషిని నడిపించకూడదు. అవతలి ఒడ్డున థామస్ మెకిన్నీ ఇంటి శిథిలాలున్నాయి. టెక్సాస్‌లో స్టీఫెన్ ఆస్టిన్ నెలకొల్పిన కాలనీకి వచ్చిన తొలి వలసదారుల్లో ఆయన ఒకడు. ఆ గోడలు, ఆ పొలాల చుట్టూ రాతి కంచెలు ఆయన దగ్గరున్న బానిసల చెమటతో లేచినవి. చూడవలసిన చోటే. పెద్దవాళ్లతో వెళ్లిన రోజున మాత్రం వద్దు.

చుట్టు దారికి ఒక గుణం ఉంది. సగానికి చేరాక వెనక్కి తిరిగినా ముందుకు సాగినా దూరం ఒకటే. వెళ్లినదారే తిరిగివచ్చే ట్రెయిల్‌లో అమ్మ అలసిపోతే అక్కడే ఆగి వెనక్కి మళ్లొచ్చు. ఇక్కడ ఆ వీలుండదు. అందుకే నేను మ్యాపు తెరవగానే మొదట జలపాతం వెతకను. కారు ఎక్కడిదాకా రాగలదో చూస్తాను. పార్కు రోడ్డు, క్యాంపింగ్ స్థలాలు ఆనియన్ క్రీక్ చుట్టుకు దగ్గర్లోనే ఉండటం పెద్ద వెసులుబాటు. ఎవరైనా ఇక చాలనుకుంటే ఒకరు వెళ్లి కారు తెచ్చుకోవచ్చు. ఆ ఒకరు ఎవరో, తాళంచెవులు ఎవరి జేబులో ఉండాలో బయల్దేరే ముందే అనుకోవాలి.

వేళ సంగతీ అంతే. ఒంటరిగా నడిస్తే గంటలో అయిపోయే దారికి నేను రెండున్నర గంటలు రాసుకుంటాను. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో, ఆ మనిషి అడుగే మన గడియారం. ఆ మనిషి వెనకబడకూడదు, ముందు నడవాలి. మా అమ్మ నడిచినప్పుడు ఆమెనే ముందు పెడతాం. ఆమె ఆగితే అందరం ఆగుతాం, ఎవరి కోసమో ఆగారన్న మొహమాటం ఆమెకు ఉండదు.

"విజయవాడ ఎండలు చూసినవాళ్లం, ఇదెంతరా" అంటారు నాన్న. జులైలో ఇక్కడా 38 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో ఆయన విజయవాడలో గొడుగు లేకుండా గడప దాటేవారు కాదు, అదే గుర్తుచేస్తాను. గేటు తెరిచే వేళకే చేరుకుంటాం. వారాంతాల్లో పార్కు నిండిపోతుంది కాబట్టి డే పాస్ ముందే బుక్ చేసుకోవాలి. మనిషికి లీటరు నీళ్లు, ఒక సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. పులిహోర కారులో ఉంటుంది, తిరిగొచ్చాకే.

ఏ వైపు నుంచి మొదలెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నేను మాత్రం ఏటికి దూరంగా ఉన్న భాగాన్నే ముందు పెడతాను. నీళ్లు ముందు కనిపిస్తే పిల్లలు అక్కడి నుంచి కదలరు. పైగా ఎండ ముదిరేసరికి ఏటి పక్క చెట్ల నీడలోకి వచ్చేస్తాం. ఆ గట్టు మీదే బాల్డ్ సైప్రస్ చెట్లు. వాటిలో ఓల్డ్ బాల్డీ అని పిలిచే మహావృక్షానికి 500 ఏళ్లు పైబడ్డాయి. పిల్లలకు జలపాతం రాళ్ల కథ చెప్పండి. సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దానిలో పైలట్ నాబ్ అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద, గవ్వల ముక్కలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డ రాళ్లే మనం కూర్చునేవి.

ఇక ఏరు. మన ప్రణాళిక మొత్తం దాని చేతిలోనే ఉంది. కొన్ని వేసవుల్లో జలపాతం సన్నని ధారగా మిగులుతుంది. ఎగువన ఏటి నీరు సున్నపురాయి పగుళ్లలోకి ఇంకి, ఊరి నడుమ బార్టన్ స్ప్రింగ్స్ దగ్గర పైకి వస్తుంది. అదే ఏరు 2013 అక్టోబరు 31న ఈ పార్కు దగ్గరలోనే 40 అడుగులు దాటింది. వందల ఇళ్లు మునిగాయి, ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు అక్టోబరులోనే మళ్లీ దాదాపు అంత వరద. ఎగువన పడమటి కొండల మీద మట్టి పల్చన, కింద అంతా రాయి. పడిన వాన పడినట్టే పరుగెడుతుంది. పార్కులో ఆకాశం నీలంగా ఉన్నా ఎగువన రాత్రి కురిసిన వాన దారిలోనే ఉండొచ్చు.

కోనసీమ నుంచి వచ్చిన మా మావయ్యగారికి ఇది చెప్పాల్సిన పనే పడలేదు. లంకల్లో వాన చినుకు లేకపోయినా భద్రాచలంలో 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక అనగానే గొడ్లను గట్టు మీదికి తోలుకొచ్చే ఊళ్లు అవి. ఈ ఏటికి భద్రాచలం లాంటిది ఎగువన ఉన్న డ్రిఫ్ట్‌వుడ్ ఊరు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ అక్కడ పెట్టిన నీటిమట్టం కొలతను ఫోన్లోనే చూడొచ్చు. ఒక్క తేడా, గోదావరి మనకు రోజు టైమిస్తుంది, ఆనియన్ క్రీక్ గంటలే ఇస్తుంది. అందుకని ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున కారెక్కే ముందు ఒకసారి చూస్తాం. గీత పైకి లేస్తుంటే ఆ రోజుకు పార్కు లేదు, పాస్ డబ్బులు పోయినా సరే. వరద తీశాక కూడా రెండు మూడు రోజులు పిల్లల్ని నీళ్లలో దింపం. ఊళ్ల మురుగంతా ఆ నీళ్లలోనే కొట్టుకొస్తుంది.